కంప్యూటర్ నుంచి డాక్‌కి ఏ వైరు పెట్టాలి? యూఎస్‌బీ పెడితే గుయ్యిమంటోంది

బెజవాడ శ్రోత:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. కిందటి జూన్‌లో బీమా ఆఫీసులో రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సీడీలు కొనడమే తప్ప కుదురుగా కూర్చుని విన్న పాపాన పోలేదు. ఘంటసాల, బాలమురళి, వోలేటి, కొంత నాదస్వరం, కొంత వీణ, అన్నీ కలిపి 340 పైచిలుకు. ఈ చలికాలమంతా వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించాను, నాణ్యత ఏమీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లుగా. "అమ్మాయి పెళ్లి పనుల్లో కూడా ఇంత ఓపిక చూపించలేదు మీరు" అంది మా ఆవిడ.

ఆంప్లిఫైయర్ 1994లో కొన్నది. స్పీకర్లు కూడా అప్పటివే, ఒకసారి కోన్లు మార్పించాను. కంప్యూటర్ వెనక ఉండే మామూలు ఆకుపచ్చ జాక్ నుంచి పాట బాగా రావడం లేదని, తెలిసిన కుర్రాడి దగ్గర 7,500 పెట్టి వాడిన డాక్ (కంప్యూటర్‌లోని అంకెల పాటని ఆంప్లిఫైయర్‌కి పనికొచ్చే శబ్దంగా మార్చే పెట్టె) ఒకటి కొన్నాను. దాని వెనక మూడు దార్లున్నాయి. చదరంగా ఉండే యూఎస్‌బీ, నారింజ రంగు కన్నం కోయాక్సియల్, చిన్న తలుపు లాంటిది ఉండేది ఆప్టికల్. ప్రస్తుతం మూడు మీటర్ల యూఎస్‌బీ వైరు వేశాను. కంప్యూటర్ ఒక గోడకి, ఆంప్లిఫైయర్ ఎదురు గోడకి ఉంటాయి కాబట్టి అంత పొడుగు కావలసి వచ్చింది.

ఇప్పుడు ఇబ్బంది. పాట లేనప్పుడు స్పీకర్లలోంచి సన్నగా గుయ్యిమని వస్తుంది. మా ఆవిడ రెండు రోజులు ఫ్రిజ్ అనుకుంది. అది చాలదన్నట్టు, మౌస్ కదిపితే చిర్‌చిర్ అంటుంది. పేజీ పైకీ కిందకీ జరిపితే ఎలుక కొరికినట్టు ఉంటుంది. ఇంకొకటి, పది పదిహేను నిమిషాలకోసారి పాట మధ్యలో టిక్‌మని ఒక దెబ్బ. వీణ ఆలాపనలో అది పడితే ప్రాణం ఉసూరుమంటుంది.

దుకాణంలో అడిగితే వెండి పూత ఉన్న యూఎస్‌బీ వైరు వెయ్యాలట, ఆరు వేలు. ఇంకో దుకాణంలో కోయాక్సియలే గొప్పదన్నారు. మా మేనల్లుడు బ్లూటూత్ పెట్టుకో మామయ్యా, వైరే ఉండదు కదా అంటాడు. అసలు ఈ మూడింట్లో ఏది మంచిది? ఎందుకు మంచిది? దయచేసి ఇంగ్లీషు లింకులు పెట్టకుండా తెలుగులో చెప్పండి.

సున్నా ఒకటి:

బాబాయ్ గారూ, అన్నీ ఒకటే. వెళ్లేవి సున్నాలూ ఒకట్లూ. వెండి వైరులో సున్నా ఇంకొంచెం గుండ్రంగా ఉండదు. యూఎస్‌బీ అలాగే ఉంచేసి, గుయ్యిమనే దానికి వేరే కారణం వెతకండి. బ్లూటూత్ మాత్రం వద్దు. ఫ్లాక్‌లో దాచుకున్న పాటని అది మళ్లీ కుదించి పంపుతుంది, మీ చలికాలం కష్టం వృథా.

పాత సాల్డర్:

శ్రోత గారూ, ఆరు వేల వైరు కొనకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది తర్వాత మాట్లాడతాను.

నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు ఆంప్లిఫైయర్లూ మైక్ సెట్లూ బాగుచేసినవాణ్ణి. హమ్మింగ్‌తో, అంటే మీరు చెప్పే ఈ గుయ్యిమనే రొదతో, నాకున్న పరిచయం మా చుట్టాల్లో ఎవరితోనూ లేదు. ఒకసారి గోదావరి గట్టు మీద హరికథ. హార్మోనియం బదులు కీబోర్డు తెచ్చుకున్నారు. దాని కరెంటు వేదిక పక్కన బడ్డీ కొట్టు నుంచి, మా మిక్సర్ కరెంటు గుడి నుంచి. దాసు గారు నోరు విప్పకముందే స్పీకర్లు ఓంకారం అందుకున్నాయి. వైర్లు మార్చాం, జాక్‌లు తుడిచాం, లాభం లేదు. ఆఖరికి కీబోర్డు ప్లగ్గు తీసుకొచ్చి మా బోర్డులోనే పెడితే టక్కున ఆగింది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇంచుమించు అదే. బడ్డీ కొట్టు బదులు కంప్యూటర్.

సున్నా ఒకటి గారు చెప్పింది సగం నిజం. సీడీ పాట అంటే సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమా కుడీ రెండు. గుణిస్తే సెకనుకి 14,11,200 బిట్లు. అందరూ గొప్పగా చెప్పుకునే 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ పాటైనా 92 లక్షల చిల్లరే. మీ యూఎస్‌బీ దారి 48 కోట్ల బిట్ల వేగం ఉన్నది. జాతీయ రహదారి మీద రెండు సైకిళ్లు వెళ్తున్నట్టు. మంచి స్థితిలో ఉన్న ఏ వైరైనా బిట్లు పోగొట్టదు, కొత్తగా కలపదు. కాబట్టి ఏ వైరు పాట "బాగా" వినిపిస్తుందనే ప్రశ్నకి జవాబు లేదు.

మిగిలిన సగం ఏమిటంటే, ఈ మూడు దారులూ రెండు విషయాల్లో తేడాగా ఉంటాయి. తాళం, అంటే లయ, ఎవరి చేతిలో ఉంది అనేది ఒకటి. రెండు పెట్టెల గ్రౌండు, అంటే డబ్బానీ ఎర్త్‌నీ అంటుకుని ఉండే వైపు, కలుస్తుందా లేదా అనేది ఇంకొకటి.

తాళం సంగతి. ఆ 44,100 నమూనాలూ సమానమైన ఎడంతో సంగీతంగా మారాలి. ఆ ఎడం వేసేది చేతి గడియారంలో ఉండేలాంటి ఒక క్రిస్టల్. కోయాక్సియల్, ఆప్టికల్ రెండింటికీ భాష ఒకటే, సోనీ ఫిలిప్స్ వాళ్లు కలిసి తయారుచేసిన ఎస్‌పీడిఫ్. అందులో తాళం కంప్యూటర్ వేస్తుంది. బిట్లతో పాటే ఆ తాళం కూడా వైరులో కలిసిపోయి వస్తుంది. డాక్ దాన్ని విని పట్టుకుని, దానికి తగ్గట్టు నడుస్తుంది. కంప్యూటర్ తాళం కొంచెం వణికితే డాక్ ఆ వణుకుని సరిచేసుకోవాలి, దాన్నే జిట్టర్ అంటారు. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లలో చాలావరకు అసింక్రనస్ పద్ధతి ఉంటుంది. అందులో తాళం డాక్ చేతిలోనే. తన క్రిస్టల్ ప్రకారం తను నడుస్తూ "ఇంకొంచెం తొందరగా పంపు, ఇప్పుడు మెల్లగా" అని కంప్యూటర్‌కి చెబుతూ ఉంటుంది. మృదంగం వాయించేవాడే తాళం వేస్తున్నట్టు. లెక్క ప్రకారం ఇదే శుభ్రమైన పద్ధతి. చెవి ప్రకారం చెప్పమంటే, ఒకే డాక్‌కి రెండూ పెట్టి మా కొడుకు చేత తెలియకుండా మార్పించుకుని విన్నాను. 67 ఏళ్ల నా చెవికి తేడా పట్టుబడలేదు. మా కొడుక్కీ పట్టుబడలేదు.

గ్రౌండు సంగతే మీ అసలు రోగం. యూఎస్‌బీ రాగి వైరు, కోయాక్సియల్ రాగి వైరు. రెండూ కంప్యూటర్ డబ్బాని మీ ఆంప్లిఫైయర్ డబ్బాతో కలిపేస్తాయి. ఆప్టికల్ ప్లాస్టిక్ పోగు, అందులో వెళ్లేది ఎర్ర వెలుగు. తోషిబా వాళ్లు 1983లో తెచ్చారు, అందుకే టాస్‌లింక్ అని పేరు. వెలుగులో కరెంటు పారదు. హమ్మింగ్ ఆ దారిలో రాలేదు.

ఇప్పుడు నాకు కొన్ని జవాబులు కావాలి. కంప్యూటర్ డబ్బా వెనక స్క్రూ మీద వట్టి కాళ్లతో నిలబడి వేలి వెనకవైపు ఆనిస్తే జిలజిలమంటుందా? టెస్టర్ పెడితే వెలుగుతుందా? ఎవరిదైనా ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, చార్జర్ పీకేసి, అదే యూఎస్‌బీ వైరు దానికి పెట్టి వినండి. గుయ్యిమంటుందా లేదా? తర్వాత చార్జర్ పెట్టి వినండి. ఇంకా, ఆ యూఎస్‌బీ వైరు కంప్యూటర్‌లో సరాసరి ఉందా, మధ్యలో ఏదైనా హబ్ (ఒక యూఎస్‌బీ కన్నాన్ని చాలా కన్నాలుగా పంచే పెట్టె) ఉందా?

ఒక్క హెచ్చరిక. హమ్మింగ్ పోవాలంటే ఆంప్లిఫైయర్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేయమని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, చాలాసార్లు హమ్మింగ్ పోతుంది. ఏదో ఒక రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలి డబ్బాకి కరెంటు వస్తే దాన్ని ముట్టుకున్నవాళ్లు కూడా పోతారు. ఆ పని మాత్రం చెయ్యకండి.

డల్లాస్ డాబా:

సాల్డర్ గారూ, మృదంగం పోలిక దాచుకుంటాను. ఇక్కడ మా ఇంట్లో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, హమ్మింగ్ శ్రుతి ఒక్కటే మారుతుంది, బాధ అదే.

శ్రోత గారు అడగలేదు కానీ నాలుగో దారి హెచ్‌డీఎమ్‌ఐతో నేను మూడేళ్లు పడ్డాను కాబట్టి చెబుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. అందులో శబ్దం బొమ్మ వెంట తోకలా వెళ్తుంది. బొమ్మ లేకుండా ఒట్టి శబ్దం పంపడం కుదరదు. పాటలకోసం రిసీవర్‌కి పెడితే విండోస్ దాన్ని రెండో మానిటర్ అనుకుంది. మౌస్ బాణం రోజుకోసారి ఆ లేని తెర మీదకి వెళ్లి తప్పిపోయేది. మానిటర్ నిద్రలోకి జారగానే పాట కూడా ఆగేది. సినిమాలు 5.1లో, అంటే ఆరు చానళ్లతో, చూసేవాళ్లకి మాత్రం అదే సరైనది. ఎస్‌పీడిఫ్‌లో కుదించని శబ్దం రెండు చానళ్లే పడుతుంది, ఆరు కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి. హెచ్‌డీఎమ్‌ఐ ఎనిమిది చానళ్లు కుదించకుండానే మోస్తుంది. రెండు స్పీకర్లతో వోలేటి వారిని వినేవారికి ఆ ఎనిమిది ఎందుకు?

పాత మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లు ఇయర్‌ఫోన్ కన్నంలోకి ఒకసారి తొంగి చూడండి. లోపల ఎర్ర వెలుగు కనిపిస్తే అందులోనే ఆప్టికల్ దాక్కుని ఉంది, చిన్న అడాప్టర్ చాలు. 2016 మ్యాక్‌బుక్ ప్రో నుంచి తీసేశారు. నాది 2012ది, ఇప్పటికీ ఆ పనికే ఉంచాను.

చివరికి నేను స్థిరపడింది ఇంకో చోట. ఆంప్లిఫైయర్ పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్, దానికి ఆనుకుని డాక్, మధ్య జానెడు యూఎస్‌బీ వైరు. పాటలు కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ వైరులో వస్తాయి. నెట్‌వర్క్ జాక్‌ల లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి గ్రౌండు కలవదు. కంప్యూటర్ రొద అంతా పక్క గదిలోనే ఉండిపోతుంది. దాన్ని నడిపే లైనక్స్‌ని కొంచెం గోక్కోవాలి, అంతే.

సున్నా ఒకటి:

గ్రౌండే సమస్య అయితే యూఎస్‌బీ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది కదా సాల్డర్ గారూ? మధ్యలో పెట్టేస్తే సరిపోదా? ఆప్టికల్ పాతకాలం నాటిది.

పాత సాల్డర్:

సరిపోతుంది. కానీ చవకగా దొరికేవాటిలో చాలావాటి లోపల ఉండే చిప్పు 12 మెగాబిట్ల వేగానికే పనిచేస్తుంది. అది పెట్టగానే కొన్ని డాక్‌లు 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, కొన్ని అసలు కంప్యూటర్‌కి కనిపించడమే మానేస్తాయి. 480 మెగాబిట్లకి పనికొచ్చే ఐసొలేటర్లు ఉన్నాయి, ఖరీదు వేలల్లో. శ్రోత గారి మదర్‌బోర్డు వెనక ఆప్టికల్ కన్నం ఊరికే ఉంటే ఆ ఖర్చు ఎందుకు? పాతకాలం నాటిదంటారా, నేనూ అంతే కదా.

బెజవాడ శ్రోత:

ఆలస్యానికి క్షమించాలి, నాలుగు రోజులు ఇదే పని. వరసగా చెబుతాను.

స్క్రూ మీద వేలు పెట్టాను. జిలజిల కాదు, చీమలు పాకినట్టు. టెస్టర్ వెలిగింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "తుడిచేటప్పుడు షాక్ కొడుతోందని నేను సంక్రాంతికే చెప్పాను" అంది. చెప్పింది. కార్పెట్ వల్ల అని నేనే కొట్టిపారేశాను. ఇంట్లో కార్పెట్టే లేదు.

అల్లుడి ల్యాప్‌టాప్ తెచ్చి చార్జర్ లేకుండా పెట్టాను. సాల్డర్ గారూ, ఏమీ లేదు. స్పీకర్‌కి చెవి ఆనించినా సన్నటి గాలి తప్ప ఏమీ లేదు. మౌస్ కదిపినా కిక్కురుమనలేదు. చార్జర్ పెట్టగానే సన్నగా మొదలైంది.

దాంతో ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. కంప్యూటర్ ప్లగ్ పాయింట్ విప్పితే లోపల ఎర్త్ తీగ ఉంది, కానీ దేనికీ బిగించలేదు. చుట్టచుట్టి మూల పెట్టి మూసేశారు. ఆ గది ఎనిమిదేళ్ల కిందట విడగొట్టించినప్పుడు వేసిన పాయింట్ అది. డబ్బాకీ న్యూట్రల్‌కీ మధ్య మీటర్ పెడితే 96 వోల్టులు చూపించింది. తీగ బిగించాక కూడా 20 దాకా ఉంది. అప్పుడాయన "ఎర్త్ గొయ్యి ఎక్కడండీ" అన్నాడు. పెరట్లో సిమెంటు మూత తీస్తే లోపల పొడిపొడి. మే నెల కదా. ఉప్పు, బొగ్గు కొత్తవి వేసి ఆరు బకెట్ల నీళ్లు పోశాం. సాయంత్రానికి మీటర్ 2 వోల్టుల లోపుకి దిగింది. మా నాన్నగారు ఎండాకాలం రోజూ ఆ గోతిలో చెంబెడు నీళ్లు పోసేవారు. మొక్క లేని చోట నీళ్లెందుకు పోస్తున్నారా అని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం.

గుయ్యిమనేది ముప్పాతిక తగ్గింది. మీ హరికథ గుర్తొచ్చి, కంప్యూటర్‌నీ ఆంప్లిఫైయర్‌నీ ఒకే బోర్డు నుంచి తీసుకున్నాను. దాంతో కూర్చునే చోటికి వినపడకుండా పోయింది. మౌస్ చిర్‌చిర్ మాత్రం అలాగే ఉంది.

అప్పుడు ఆప్టికల్. మదర్‌బోర్డు వెనక నిజంగానే ఆ కన్నం ఉంది, ఇన్నాళ్లూ దుమ్ము మూత అనుకున్నాను. అయిదు మీటర్ల వైరు 450 రూపాయలు. పెట్టాను, శబ్దం లేదు. గంటన్నర సెట్టింగులన్నీ తిప్పాను, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మనవడు వచ్చి వైరు పీకి, మొనకి ఉన్న చిన్న ప్లాస్టిక్ తొడుగు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వైపులా ఉన్నాయి. వాడు ఏడో తరగతి.

ఇప్పుడు నిశ్శబ్దం. మౌస్ లేదు, ఎలుక లేదు. టిక్ కూడా రెండు రోజులుగా రాలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, డాక్ మీద 44.1 దగ్గర వెలగాల్సిన దీపం ఏ పాట పెట్టినా 48 దగ్గరే వెలుగుతోంది. రెండు, మేనల్లుడు ఇచ్చిన 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు ఆరు ఉన్నాయి, వాటికోసం సెట్టింగుల్లో 192 పెడితే అసలు పలకడం లేదు. యూఎస్‌బీలో పలికేవి. అన్నట్టు, ఆ యూఎస్‌బీ వైరు ఇదివరకు హబ్‌కే ఉండేది. ప్రింటరూ, వీడియో కాల్ కెమెరా కూడా అదే హబ్‌కి.

పాత సాల్డర్:

ముందు మీ నాన్నగారికి దండం. ఆ చెంబెడు నీళ్ల విలువ ఇంజినీర్లకి కూడా తెలియడం లేదు. కంప్యూటర్ కరెంటు పెట్టె లోపల ఫేజు నుంచి డబ్బాకి, న్యూట్రల్ నుంచి డబ్బాకి చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి, లోపలి రొదని ఎర్త్‌లోకి దింపడానికి. ఎర్త్ లేకపోతే అది దిగే చోటు లేక డబ్బా మీదే సగం వోల్టేజీ తేలుతుంది. 230లో సగం 115, మీ మీటర్ 96 చూపించిందంటే ఆశ్చర్యం లేదు. ఆ కరెంటు మీ యూఎస్‌బీ వైరు తొడుగు పట్టుకుని డాక్‌లోకి, అక్కణ్ణించి ఆర్‌సీఏ వైరులోంచి ఆంప్లిఫైయర్‌లోకి, దాని ఎర్త్‌లోకి దారి వెతుక్కుంది. మీరు విన్నది ఆ నడక శబ్దం. ల్యాప్‌టాప్ చార్జర్‌లోనూ అలాంటి కెపాసిటరే ఉంటుంది, అందుకే అదీ సన్నగా అందుకుంది. వెండి వైరు వేసి ఉంటే ఆ కరెంటు ఇంకా హాయిగా నడిచేది.

టిక్ సంగతి. యూఎస్‌బీలో శబ్దం పంపే పద్ధతిలో పోయిన ముక్కని మళ్లీ పంపమని అడగడం ఉండదు. బస్సు వెళ్లిపోయిందంటే వెళ్లిపోయినట్టే. హబ్‌లో కెమెరా, ప్రింటర్ ఒకే గుమ్మంలో తోసుకుంటే ఏదో ఒక ముక్క వేళకి అందదు, మీకు టిక్‌మంటుంది. కారణం అదేనని ఇక్కడ కూర్చుని ప్రమాణం చెయ్యలేను కానీ, మళ్లీ యూఎస్‌బీ వాడాలంటే హబ్ వదిలేసి మదర్‌బోర్డు వెనక కన్నంలో సరాసరి పెట్టండి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ప్రింటర్‌కి వాడే మామూలు వైరే చాలు.

48 దీపం. అది విండోస్ పని. అన్ని శబ్దాలనీ ఒకే కుండలో పోసి, తను అనుకున్న వేగానికి మార్చి పంపుతుంది. సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ డిఫాల్ట్ ఫార్మాట్ 24 బిట్ 44100 పెట్టండి. మీ లైబ్రరీ అంతా సీడీలే కాబట్టి ఇక కదపక్కర్లేదు. ఇంకా శుభ్రంగా కావాలంటే ఫూబార్ 2000 లాంటి ప్లేయర్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ ఎంచుకోండి. అప్పుడు విండోస్ కుండని దాటి పాట తన సొంత వేగంతోనే డాక్‌కి చేరుతుంది. వాట్సాప్ టింగుమనడం కూడా మధ్యలో దూరదు. నన్నడిగితే వైరు మార్చడం కన్నా ఈ ఒక్క సెట్టింగు ముఖ్యం, ఎవరూ దీని గురించి అడగరు.

192 పలకకపోవడం మీ తప్పు కాదు. ఆప్టికల్‌కి 96 దాకా భరోసా. ఆ పైన పంపే దీపం, అందుకునే కన్ను, మధ్య ప్లాస్టిక్ పోగు మూడూ మంచివైతే పలుకుతుంది, లేకపోతే లేదు. అందులోనూ మీది అయిదు మీటర్లు. ఆ ఆరు ఫైళ్లూ 96కి మార్చుకోండి, లేదా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద యూఎస్‌బీలో వినండి. వైరుని మాత్రం గోడ మూల దగ్గర మడత పెట్టకండి, గుండ్రంగా తిప్పండి. విరిగితే అతకదు.

ఎవరైనా కోయాక్సియల్ కోసం ఇది చదువుతుంటే: దానికి 75 ఓమ్‌ల వైరు కావాలి. పాత వీసీడీ ప్లేయర్‌తో వచ్చిన మూడు వైర్లలో పసుపుది సరిగ్గా అదే. అటక మీద ఉంటుంది, డబ్బులు పెట్టకండి. గ్రౌండు ఇబ్బంది లేని ఇంట్లో అది ఆప్టికల్ కన్నా నిక్కచ్చిగా పనిచేస్తుంది, 192 కూడా మోస్తుంది. శ్రోత గారి ఇంట్లో ఎర్త్ బాగుపడకముందు అది వేసినా యూఎస్‌బీ లాగే పాడేది.

డల్లాస్ డాబా:

పసుపు వైరు చూశాను, ఉంది. మా అమ్మ 2006లో సూట్‌కేసులో పెట్టి పంపిన వీసీడీ ప్లేయర్‌తో వచ్చింది.

బెజవాడ శ్రోత:

44100 పెట్టాను. దీపం జరిగింది. ఫూబార్ కూడా వేశాను, మనవడు పక్కనుండి చేయించాడు.

నిన్న రాత్రి పదిన్నరకి కరెంటు ఫ్యాను కూడా ఆపేసి కూర్చున్నాం ఇద్దరం. వీణ సీడీ ఒకటి ఉంది, తొంభై ఏడులో హైదరాబాద్ కోఠీలో కొన్నది. తీగ మీటాక ఆ నాదం తగ్గుతూ తగ్గుతూ ఎక్కడిదాకా వెళ్తుందో ఇన్నేళ్లలో మొదటిసారి చివరిదాకా విన్నాను. కళాకారుడి ఊపిరి కూడా ఒకచోట వినిపించింది. ఇదివరకు అదంతా గుయ్యిమనే దాని కింద పడి ఉండేది.

ఆరు వేల వైరు దుకాణం కుర్రాడు ఫోన్ చేశాడు, స్టాక్ వచ్చిందట. ఎర్త్ గోతిలో నీళ్లు పోశానని చెబితే అతనికి అర్థం కాలేదు.

ఒక్క కొత్త ఇబ్బంది వచ్చి పడింది. స్పీకర్లు నిశ్శబ్దం అయ్యాక ఇప్పుడు వంటింట్లో ఫ్రిజ్ నిజంగానే గుయ్యిమంటోందని తెలిసింది. మా ఆవిడ మొదట్నుంచీ అదే చెబుతోంది. దానికి ఏ వైరు వాడాలి?

పాత సాల్డర్:

నాలుగు కాళ్లూ నేలకి ఆనుతున్నాయేమో చూడండి. ఒకటి గాల్లో ఉంటే దాని కింద పాత చెప్పు ముక్క పెట్టండి.